తోడేళ్లను చంపించి, తప్పు ఒప్పుకున్న ఆల్డో లియోపోల్డ్

గొర్రెల మంద కాసిన ఇంట్లో పుట్టినవాడికి తోడేలు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. పాలమూరు, కర్నూలు, అనంతపురం మెట్ట పొలాల్లో గొల్ల, కురుమ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఇక్కడ గల్ఫ్ ఎడారిలో ఎవరివో గొర్రెలు, మేకలు, ఒంటెలు కాస్తూ ఏళ్లు గడిపేస్తున్న మనవాళ్లూ ఉన్నారు. రాత్రి మందలో పడి రెండు గొర్రెల్ని తోడేలు ఎత్తుకుపోతే ఆ నష్టం ఎవరిదో వాళ్లకు బాగా తెలుసు. దాన్ని చంపితే పీడ పోతుందన్న మాట మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. సౌదీలో చంపిన తోడేలును చెట్టుకో స్తంభానికో వేలాడదీసే అలవాటు కూడా ఉంది.

ఆ మాటనే గట్టిగా నమ్మినవాడు ఆల్డో లియోపోల్డ్. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి తోడేలును స్వయంగా కాల్చాడు. ఒక్కటి కూడా మిగలకుండా చంపాలని ఊరూరా ప్రచారం చేశాడు. తర్వాత ముప్ఫై అయిదేళ్లకు, నేను చేసింది తప్పు అని రాసుకున్నాడు. ఈ రోజు అమెరికాలో అడవుల గురించి, జంతువుల గురించి మాట్లాడేవాళ్లు ఎవరైనా ఆయన పేరు తలచుకోకుండా ఉండరు. మన తెలుగులో ఆయన గురించి పెద్దగా ఎవరూ రాయలేదని మాకు అనిపించింది. అందుకే ఈ ప్రయత్నం.

వేటగాడి కొడుకు

లియోపోల్డ్ 1887 జనవరి 11న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, మిస్సిసిపి నది ఒడ్డున ఉన్న బర్లింగ్టన్ ఊళ్లో పుట్టాడు. జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబం. ఇంట్లో జర్మన్ భాషే మాట్లాడేవాళ్లు. తండ్రి కార్ల్‌కు ఆఫీసు బల్లలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆయనకు వేటంటే ప్రాణం. కానీ నీటి బాతులు తగ్గిపోతున్నాయని గమనించి, చట్టం రాకముందే తనకు తానే నియమాలు పెట్టుకున్నాడు. పక్షులు గూళ్లు కట్టే వసంతకాలంలో తుపాకీ ముట్టేవాడు కాదు. ఆ తండ్రి వెంట తిరిగి పిల్లాడు అడవిని నేర్చుకున్నాడు. వేట మాత్రం లియోపోల్డ్ చచ్చేదాకా మానలేదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే ఆయన వేటకు శత్రువు కాదు, వేటగాళ్లలో ఒకడు. అందుకే ఆయన తర్వాత చెప్పిన మాటకు అంత బరువు వచ్చింది.

అప్పట్లో అడవుల చదువు అమెరికాలో కొత్త. యేల్ యూనివర్సిటీలో ఆ కోర్సు పెట్టి కొన్నేళ్లే అయింది. లియోపోల్డ్ అక్కడ చదివి 1909లో మాస్టర్స్ పట్టా తీసుకున్నాడు. వెంటనే ఫారెస్ట్ సర్వీసులో ఉద్యోగం దొరికింది. ఇంటికి ఎంతో దూరంగా, అప్పటికి ఇంకా రాష్ట్రం కూడా కాని అరిజోనాకు పంపించారు. వయసు 22. పోస్టింగు అపాచీ నేషనల్ ఫారెస్టులో.

అడ్డదిడ్డమైన సర్వే

వెళ్లిన కొద్ది వారాలకే ఒక సర్వే బృందాన్ని చేతికిచ్చారు. కొండల్లో తిరిగి, ఎక్కడ ఎంత కలప ఉందో కొలిచి మ్యాపులు గీయడం పని. కింద పనిచేసేవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు ఉన్నారు. పైనున్నవాడు కాలేజీ నుంచి నేరుగా వచ్చిన కుర్రవాడు. కొత్తగా సూపర్‌వైజర్ అయిన ఎవరికైనా ఆ పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మాకైతే బాగానే అర్థమవుతుంది. కొలతలు తప్పాయి. మనుషులతో పొసగలేదు. ఆయన మీద ఫిర్యాదులు వెళ్లాయి, పైవాళ్లు విచారణ కూడా జరిపారు. ఉద్యోగం పోవాల్సిందే, పడుచువాడు నేర్చుకుంటాడులే అని వదిలేశారు. ఆయన నేర్చుకున్నాడు కూడా. మూడేళ్లకల్లా, 1912లో, న్యూమెక్సికోలో ఉన్న కార్సన్ నేషనల్ ఫారెస్టుకు సూపర్‌వైజర్ అయ్యాడు.

ఆ మొదటి సర్వే రోజుల్లోనే, 1909 సెప్టెంబరులో, తోడేలు సంఘటన జరిగింది. మధ్యాహ్నం భోజనానికి ఒక రాతి గట్టు మీద కూర్చున్నారు. కింద నది ఉధృతంగా పారుతోంది. ఏదో జంతువు నీళ్లలో ఈదుతూ ఇవతలికి వస్తోంది. మొదట జింక అనుకున్నారు. ఒడ్డెక్కి ఒళ్లు దులుపుకున్నాక తెలిసింది, అది తల్లి తోడేలు. పొదల్లోంచి ఎదిగిన పిల్లలు బయటికొచ్చి తోకలాడిస్తూ దాన్ని చుట్టుముట్టాయి. అప్పట్లో తోడేలు కనిపిస్తే కాల్చకుండా వదిలే మాటే లేదు. గట్టు మీద నుంచి తుపాకులు ఖాళీ చేశారు. తల్లి పడిపోయింది. ఒక పిల్ల కాలు ఈడ్చుకుంటూ రాళ్లలోకి వెళ్లింది. వీళ్లు కిందికి దిగేసరికి తల్లి కళ్లలో ఇంకా పచ్చని మెరుపు ఉందట. చూస్తుండగానే అది ఆరిపోయిందట.

ఆ రోజే ఆయన మారిపోయాడని చాలామంది అనుకుంటారు. నిజం అది కాదు. ఆ నెలలో తల్లికి రాసిన ఉత్తరంలో రెండు తోడేళ్లను చంపామన్న సంగతి మామూలు వార్తలాగే ఉంది. కళ్లు చూశాడు గానీ, చూసింది అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. సినిమాల్లోలాగా ఒక్క క్షణంలో మనిషి మారడు.

ఆఖరి తోడేలు దాకా

1912లోనే సాంటాఫే ఊరికి చెందిన ఎస్టెల్లా బెర్జెర్‌తో ఆయన పెళ్లి జరిగింది. 1913లో కొండల్లో వానకు, చలికి తడిసి కిడ్నీ జబ్బు పట్టుకుంది. ప్రాణం మీదికి వచ్చింది. ఏడాదికి పైగా పనికి దూరమయ్యాడు. కోలుకున్నాక ఆఫీసులో ఉండి చేసే పని ఇచ్చారు. అదే వేట జంతువుల సంరక్షణ.

లియోపోల్డ్ ఆ పని మనసు పెట్టి చేశాడు. న్యూమెక్సికో అంతా తిరిగి వేటగాళ్లతో సంఘాలు పెట్టించాడు. పైన్ కోన్ అనే చిన్న పత్రిక నడిపాడు. జింకలు తగ్గిపోతున్నాయి, పెరగాలి. దానికి ఆయన లెక్క చాలా సులువు. తోడేలు జింకను తింటుంది, తోడేలు పోతే జింక మిగులుతుంది, జింక మిగిలితే వేటగాడికి దొరుకుతుంది. పశువుల యజమానులకూ అదే కావాలి. ఇద్దరూ ఒకటయ్యారు. 1915లో అమెరికా పార్లమెంటు తోడేళ్లు వగైరా జంతువుల నిర్మూలనకు 1,25,000 డాలర్లు కేటాయించింది. జీతానికి పెట్టుకున్న ప్రభుత్వ వేటగాళ్లు బోన్లతో, విషం పెట్టిన మాంసంతో పనిలోకి దిగారు. లియోపోల్డ్ ఆ పథకాన్ని మెచ్చుకున్నాడు. న్యూమెక్సికోలో ఆఖరి తోడేలు, ఆఖరి కొండసింహం పడేదాకా పని ఆపొద్దని 1920లో ఒక పెద్ద సభలో చెప్పాడు. ఆయన పనికి మెచ్చి మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అంతకుముందే, 1917లో, అభినందన ఉత్తరం కూడా రాశాడు.

ఇందులో దుర్మార్గం ఏమీ లేదు. ఆ రోజుల్లో మంచి ఆఫీసరు చేయాల్సిన పని అదే. మంచి ఉద్దేశంతో, మంచి పేరు తెచ్చుకుంటూ చేసిన తప్పు అది. అందుకే దాన్ని తప్పని గుర్తించడం కష్టమైంది.

లెక్క ఎక్కడ తప్పింది

1920ల్లో ఒక్కొక్క వార్తా రావడం మొదలైంది. అరిజోనాలో కైబాబ్ అనే పీఠభూమి ఉంది. 1906లో దాన్ని జింకల రక్షణ కోసం కేటాయించి, వేట నిషేధించి, కొండసింహాల్ని, కయోటీ నక్కల్ని, తోడేళ్లను ఏరివేశారు. జింకలు విపరీతంగా పెరిగాయి. అందిన ఆకు, చిగురు, బెరడు అన్నీ తినేశాయి. 1924 తర్వాత వరుసగా చలికాలాల్లో ఆకలితో కుప్పలుగా చచ్చాయి. ఎన్ని పెరిగాయి, ఎన్ని చచ్చాయన్న అంకెల మీద తర్వాతి శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. కారణం ఒక్క వేటజంతువుల నాశనమే కాదనీ అన్నారు. ఆ అడవి దెబ్బతిన్నదన్న మాటను మాత్రం ఎవరూ కాదనలేదు.

ఇంకో దెబ్బ స్వయంగా లియోపోల్డ్‌కే తగిలింది. న్యూమెక్సికోలోని గీలా అడవిలో రోడ్లు వేయకుండా సుమారు ఏడున్నర లక్షల ఎకరాలు వదిలేయాలని ఆయన పోరాడి 1924లో ఒప్పించాడు. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. కొన్నేళ్లకే అక్కడ జింకలు మరీ ఎక్కువయ్యాయి. వాటిని తగ్గించడానికి వేటగాళ్లు లోపలికి వెళ్లాలి, వేటగాళ్లు వెళ్లడానికి రోడ్డు కావాలి. ఆయన కాపాడిన అడవి మధ్య నుంచే రోడ్డు తెరిచారు. తోడేళ్లు జీతం లేకుండా చేసిన పనికి ఇప్పుడు రోడ్డు వేయాల్సి వచ్చిందన్నమాట.

1924లోనే ఆయన విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌కు మారాడు. 1933లో గేమ్ మేనేజ్‌మెంట్ అనే పాఠ్యపుస్తకం రాశాడు. అదే ఏడాది విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఆ సబ్జెక్టుకు ప్రొఫెసర్ అయ్యాడు. ఆ సబ్జెక్టుకు దేశంలో అదే తొలి ప్రొఫెసర్ పదవి. అప్పటికే తోడేళ్ల మీద ఆయన మాట మెత్తబడింది. పూర్తిగా మార్చింది రెండు ప్రయాణాలు.

1935లో జర్మనీ వెళ్లాడు. పూర్వీకుల దేశం, అడవుల చదువు పుట్టిన దేశం. అక్కడ చెట్లు మిలటరీ పెరేడ్‌లాగా వరుసల్లో ఉన్నాయి. కింద పొద లేదు, మొక్క లేదు. తోడేలు ఎప్పుడో పోయింది. జింకలకు మనుషులే మేత వేస్తున్నారు, నాటిన మొక్కల్ని జింకలు తినకుండా కంచెలు కడుతున్నారు. తర్వాత 1936లో, మళ్లీ 1937 చివర్లో, మెక్సికోలోని చివావా కొండల్లో గావిలాన్ నది దగ్గరికి వేటకు వెళ్లాడు. అక్కడ తోడేళ్లూ కొండసింహాలూ ఉన్నాయి, జింకలూ ఉన్నాయి. గడ్డి ఉంది, మట్టి కొట్టుకుపోలేదు, వాగులో నీళ్లు తేటగా ఉన్నాయి. సరిహద్దుకు ఇవతల, తను ఉద్యోగం చేసిన అమెరికా కొండలు పశువులతో, జింకలతో బోసిపోయాయి. అదే మట్టి, అదే వాన. మరి తేడా ఎక్కడొచ్చింది? పని చేసే చోట ఒక గోడ పగిలి, పక్క గోడ నిలబడితే మేస్త్రీ అడిగే ప్రశ్నే అది.

ఆయన తేల్చుకున్న సంగతి ఇది. జింకల్ని తోడేలు తింటే ఆ లోటు రెండు మూడేళ్లలో పూడుతుంది. ఎక్కువైన జింకలు కొండను తినేస్తే అది పూడటానికి ఒక తరం చాలదు. తోడేలుకు జింక భయపడినట్టే, అదుపు లేని జింకలకు కొండ భయపడుతుంది. గొర్రెలైనా పశువులైనా అంతే. తోడేలు పోయాక మందను అదుపులో పెట్టే పని మనిషి నేర్చుకోకపోతే మిగిలేది బోడి గుట్ట, ఎండిన వాగు.

శిష్యుడు రాసిన ఉత్తరం

1935లోనే విస్కాన్సిన్ నది పక్కన పాడుబడ్డ పొలం ఒకటి కొన్నాడు. అంతా ఇసుక. మిగిలింది ఒక కోళ్ల గూడు. దాన్నే బాగుచేసుకుని భార్య, అయిదుగురు పిల్లలతో శని, ఆదివారాలు అక్కడే గడిపేవాడు. ఏటా పైన్ మొక్కలు నాటేవాళ్లు. మొదటి ఏళ్లలో కరువుకు చాలావరకు ఎండిపోయాయి. మళ్లీ నాటారు. అక్కడి అనుభవాలే చిన్న చిన్న వ్యాసాలుగా రాశాడు.

ఆ వ్యాసాలకు బొమ్మలు వేయాల్సినవాడు ఆయన పాత శిష్యుడు ఆల్బర్ట్ హోక్‌బామ్. కెనడాలో బాతుల మీద పరిశోధన చేస్తుండేవాడు. 1944 మొదట్లో రాతప్రతులు చదివి గురువుకు నిర్మొహమాటంగా ఉత్తరాలు రాశాడు. ఈ రాతల్లో మీరు ఏ తప్పూ చేయని మనిషిలా కనిపిస్తున్నారు, తోడేళ్లను అంతం చేయించినవాళ్లలో మీరూ ఒకరు కదా, ఆ సంగతి కూడా రాయండి అన్నది వాటి సారాంశం.

శిష్యుడు గురువుతో అనడానికి చిన్న మాట కాదు. గురువుకు కోపం రావచ్చు. అప్పటికి లియోపోల్డ్ వయసు 57, దేశమంతా పేరున్న ప్రొఫెసర్. పైగా సరిగ్గా ఆ రోజుల్లోనే విస్కాన్సిన్‌లో జింకలు ఎక్కువై ఆకలితో చస్తున్నాయి. ఆడ జింకల్ని కూడా వేటాడి తగ్గించాలని ఆయన చెబుతుంటే జనం మండిపడుతున్నారు. 1943లో ఆ రాష్ట్ర కన్సర్వేషన్ కమిషన్ సభ్యుడయ్యాక ఆ తిట్లన్నీ ఆయనకే. ఇలాంటి సమయంలో పాత తప్పు బయటపెడితే ప్రత్యర్థులకు ఆయుధం ఇచ్చినట్టే.

అయినా రాశాడు. 1944 ఏప్రిల్‌లో థింకింగ్ లైక్ ఎ మౌంటెన్ అనే వ్యాసం పూర్తి చేశాడు. అచ్చులో నాలుగు పేజీలకు మించదు. ముప్ఫై అయిదేళ్ల కిందటి ఆ రాతి గట్టు, ఆ తల్లి తోడేలు, ఆ కళ్లు అందులోకి వచ్చాయి. తుపాకీ పట్టినవాళ్లలో తానున్నానని దాచలేదు. అప్పుడు ప్రభుత్వం చెప్పిందనో, అందరూ చేశారనో సాకు చెప్పలేదు.

మంట ఆర్పబోయి

ఆ వ్యాసాల పుస్తకాన్ని ప్రచురణకర్తలు పలుమార్లు తిప్పి పంపారు. చివరికి 1948 ఏప్రిల్ 14న ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఒప్పుకుంది. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 21న, పక్క రైతు పొలంలో గడ్డికి నిప్పు అంటుకుంది. తన పైన్ మొక్కల వైపు మంట వస్తోందని లియోపోల్డ్ భార్యను, చిన్నకూతురిని వెంటబెట్టుకుని ఆర్పడానికి పరుగెత్తాడు. అక్కడే గుండెపోటు వచ్చి చనిపోయాడు. వయసు 61.

రాతప్రతిని కొడుకు లూనా సరిచూశాడు. ఎ శాండ్ కౌంటీ అల్మనాక్ పేరుతో 1949లో వచ్చింది. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1960ల చివర్లో చవక ఎడిషన్లు వచ్చాక ఇంటింటికీ చేరింది. ఇరవై లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి.

ఆయన పోయాక

ఆయన మాట విని వెంటనే ఎవరూ తుపాకులు దించలేదు. విస్కాన్సిన్‌లో తోడేలును చంపితే డబ్బిచ్చే పద్ధతి 1865లో మొదలై 1957 దాకా సాగింది. 1960 నాటికి ఆ రాష్ట్రంలో తోడేలు లేదని ప్రకటించారు. 1973లో అంతరించిపోతున్న జీవుల చట్టం వచ్చాకే పక్క రాష్ట్రం మిన్నెసోటా నుంచి ఒకటీ అరా తిరిగి రావడం మొదలైంది. 1995, 96 సంవత్సరాల్లో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి ఎల్లోస్టోన్ పార్కులో వదిలారు.

అరిజోనా సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. అక్కడి మెక్సికన్ తోడేలు జాతి అడవిలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆఖరుగా పట్టుకున్న కొద్దిపాటి జంతువుల్ని బోన్లలో ఉంచి పిల్లల్ని పెంచారు. 1998 మార్చిలో వాటిలో 11 తోడేళ్లను అపాచీ అడవిలోనే వదిలారు. అంటే లియోపోల్డ్ తల్లి తోడేలును కాల్చిన ఆ అడవిలోనే. వాటిలో కొన్నింటిని ఆ ఏడాదే కాల్చి చంపారు. మళ్లీ వదిలారు. 2023 చివరి లెక్కకు అరిజోనా, న్యూమెక్సికో రెండింటిలో కలిపి కనీసం 257 ఉన్నట్టు తేలింది.

అయితే గొడవ తీరిపోలేదు. ఆయన సొంత రాష్ట్రం విస్కాన్సిన్‌లో 2021 ఫిబ్రవరిలో తోడేళ్ల వేటకు అనుమతించారు. ఆ రాష్ట్రపు వేటగాళ్లకు పెట్టిన పరిమితి 119. మూడు రోజులు నిండకముందే 218 చచ్చాయి. 2022 ఫిబ్రవరిలో కోర్టు తీర్పుతో అక్కడ మళ్లీ రక్షణ వచ్చింది. పశువులు పోయిన రైతు కోపం నిజం. తోడేలు లేకపోతే అడవికి జరిగే నష్టమూ నిజం. ఈ రెండింటి మధ్యే వాదన నడుస్తోంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం తోడేలు మొదటి షెడ్యూల్లో, అంటే పులితో పాటు, ఉంది. చంపితే కనీసం 3 ఏళ్ల జైలు. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిమైదానాల్లో మన తోడేళ్లు ఉన్నాయి. గడ్డిమైదానం దున్నేస్తే జింకలు పోతాయి, జింకలు పోతే తోడేలు మంద మీద పడుతుంది. అప్పుడు ఎవరో చచ్చిన గొర్రెలో విషం కలుపుతారు. ఆ విషం ఒక్క తోడేలుతో ఆగదు. ఊరి కుక్కలూ, గద్దలూ తింటాయి.

గొర్రె పోయినవాడికి ఇవన్నీ చెబితే వింటాడా అని అడగొచ్చు. వెంటనే వినకపోవచ్చు. చదువుకున్న లియోపోల్డ్‌కే ముప్ఫై అయిదేళ్లు పట్టింది కదా. కానీ ఆయన ఒక్కడే తెలుసుకోలేదు. పక్కనుంచి ఒక శిష్యుడు, వయసులో చిన్నవాడు, అడిగాడు. ఈసారి సెలవుకు ఊరికి వెళ్లినప్పుడు మందల దగ్గర విషం మాట వినిపిస్తే, ఆ చిన్నవాడి పని మనలో ఎవరైనా చేయొచ్చు. పెద్దవాళ్లు కోప్పడితే పడనీ. రాత్రి మందకు గట్టి ముళ్లకంచె, రెండు మంచి కాపలా కుక్కలు, పక్కన పడుకునే మనిషి ఉంటే చాలా గొర్రెలు దక్కుతాయి. ఆ మూడూ మన తాతలు చేసుకున్న ఏర్పాట్లే.